మాటను విప్పి చూపించే డిక్షనరీ: ఒజిబ్వే పీపుల్స్ డిక్షనరీ నాలుగు నెలలు వాడాక

దేవరకొండ అవతల ఒక తండా బడిలో టీచర్‌ని. పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. మూడేళ్ల నుంచి వాళ్ల మాటలు ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. అమ్మను యాడి అంటారు, రొట్టెను బాటి అంటారు, ఇట్లా మొదలుపెట్టి పద్నాలుగు వందల దాకా వచ్చాయి. అన్ని మాటలు ఉన్నా ఆ నోట్‌బుక్‌తో ఏం చేయాలో తెలియక బీరువాలో పెట్టేశాను. అది మళ్లీ బయటికి రావడానికి కారణం ఎక్కడో అమెరికాలోని ఒక డిక్షనరీ వెబ్‌సైట్. మన దగ్గర కూడా తండాల్లో, గూడేల్లో మాటలు రాసుకుంటున్న టీచర్లు, కాలేజీ పిల్లలు చాలామంది ఉన్నారని తెలుసు. వాళ్ల కోసమే ఈ రివ్యూ.

మినియాపోలిస్‌లో ఉండే మా బావ పోయిన ఎండాకాలం బెమిడ్జి అనే ఊరికి పోయి, అక్కడి ఒక హోటల్ బాత్రూం తలుపుల ఫోటోలు పంపించాడు. ఆడవాళ్ల తలుపు మీద ఇంగ్లిష్ మాట కింద 'ఇక్వేవగ్' అని, మగవాళ్ల తలుపు మీద 'ఇనినివగ్' అని ఉంది. "బామ్మర్దీ, నువ్వు మాటలు పోగు చేస్తున్నావు కదా, ఇదేం భాషో చూడు" అని కింద మెసేజ్. రెండు మాటల చివరా అదే 'వగ్' కనబడింది, మన 'లు' లాంటిదేమో అనుకున్నాను. వెతికితే నిజంగానే అది 'లు'. ఇక్వే అంటే ఆడమనిషి, ఇనిని అంటే మగమనిషి. భాష పేరు ఒజిబ్వే. అమెరికా, కెనడా మధ్య ఉన్న పెద్ద సరస్సుల చుట్టూ ఉండే ఆదివాసుల భాష అది, వాళ్లు దాన్ని అనిషినాబేమొవిన్ అని కూడా అంటారు. ఆల్గాంక్వియన్ అనే పెద్ద కుటుంబంలో ఒకటి. క్రీ, బ్లాక్‌ఫుట్, షయాన్, మిక్‌మాక్, మెనామినీ అన్నీ దాని అక్కచెల్లెళ్లే. మన తెలుగువాళ్లు అంతమంది ఉండే చికాగో పేరు కూడా ఈ కుటుంబంలోని మయామి-ఇల్లినాయ్ భాష నుంచే వచ్చింది, అక్కడ మొలిచే ఒక రకం అడవి ఉల్లి పేరు అది. మిసిసిపీ అంటే పెద్ద ఏరు, అది ఒజిబ్వే మాట. నల్లకొండ నల్లగొండ అయినట్టు వాళ్ల ఊళ్ల పేర్లు కూడా విప్పితే అర్థం చెబుతాయి, కాకపోతే అక్కడ ఉంటున్న చాలామందికి ఆ సంగతి తెలియదు.

ఇక సైట్ విషయానికి వస్తా. మిన్నెసోటా యూనివర్సిటీలో అమెరికన్ ఇండియన్ స్టడీస్ డిపార్ట్‌మెంటు, అక్కడి లైబ్రరీ కలిసి నడుపుతున్నాయి. దీని వెనక ఉన్న భాషావేత్త జాన్ నికల్స్, ఎర్ల్ నైహోమ్‌తో కలిసి 1995లో మిన్నెసోటా ఒజిబ్వేకు అచ్చు డిక్షనరీ తెచ్చిన మనిషి. డబ్బు ఎక్కడిదంటే, 2008లో ఆ రాష్ట్రం జనం ఓటేసి అమ్మకపు పన్ను మీద 3/8 శాతం అదనంగా కట్టడానికి ఒప్పుకున్నారు, నీళ్ల కోసం, అడవుల కోసం, కళలు సంస్కృతి కోసం. అందులోంచి ఈ డిక్షనరీకి కూడా వాటా వచ్చింది. సబ్బు కొన్నా కుర్చీ కొన్నా అందులో ఒక చిన్న ముక్క భాషకు పోతుందన్నమాట. ఈ సంగతి చదివి చాలాసేపు దాని గురించే ఆలోచించాను.

లాగిన్ లేదు, పైసా కట్టక్కర్లేదు. ఇంగ్లిష్ మాట కొట్టినా ఒజిబ్వే మాట కొట్టినా వెతుకుతుంది. మాట పక్కన స్పీకర్ బొమ్మ ఉంటే నొక్కాలి, ఆ భాష పుట్టుకతో వచ్చిన పెద్దవాళ్ల గొంతు వినిపిస్తుంది. కొన్ని మాటలకు ఇద్దరు ముగ్గురి గొంతులు ఉంటాయి, ఎవరి గొంతో గుర్తు కూడా పక్కనే ఉంటుంది. ఇవన్నీ బాగున్నాయి కానీ నన్ను పట్టుకున్నది ఇవి కాదు.

మాట కింద దాని ముక్కలు విడిగా రాసి ఉంటాయి. ఏ ముక్కకు ఏ అర్థం, ఆ ముక్క ఇంకా ఏయే మాటల్లో ఉంది అని. ముక్క మీద నొక్కితే ఆ కుటుంబం అంతా వచ్చేస్తుంది.

నేను మొదట వెతికింది టీ. అనీబీషాబో అని వచ్చింది. అనీబీష్ అంటే ఆకు, ఆబో అంటే నీళ్లలాంటిది. ఆకునీళ్లు. ఆబో మీద నొక్కాను. డోడోషాబో, అంటే రొమ్ము నీళ్లు, పాలు. ఇష్కోడేవాబో, ఇష్కోడే అంటే నిప్పు కాబట్టి నిప్పునీళ్లు, సారా. కాఫీని నల్లని మందు నీళ్లు అంటారు. తెలుగులో కూడా మనకు ఈ పని చేసే నీరు ఉంది: కన్నీరు, పన్నీరు, మున్నీరు. పత్రికలవాళ్లు తేనీరు అని కూడా చేశారు, కానీ దేవరకొండ బస్టాండులో నిలబడి "అన్నా, ఒక తేనీరు ఇయ్యి" అని ఎవరైనా అడగగా విన్నామా? మన దగ్గర ఆ అతుకు ఇప్పుడు పుస్తకాల్లోనే పనిచేస్తోంది, నోట్లో పనిచేయడం లేదు. ఒజిబ్వేలో కొత్తగా వచ్చిన కాఫీకి, టీకి కూడా వాళ్లు తమ ఆబోనే అతికించుకున్నారు. భాష బలంగా ఉన్న రోజుల్లో వచ్చిన అలవాటు అది.

మిన్ అంటే చిన్న పండు, మన వంకాయ, బీరకాయల్లో కాయ ఎట్లనో అట్ల. మిస్కోమిన్ అంటే ఎర్రపండు, రాస్ప్‌బెర్రీ. ఒడేఇమిన్ అంటే గుండెపండు, స్ట్రాబెర్రీ. స్ట్రాబెర్రీని నిలువుగా కోసి చూడండి, పేరు పెట్టినవాళ్లు ఎంత బాగా చూశారో అర్థమవుతుంది.

ఇంతవరకు తెలుగువాడికి కొత్తేం కాదు, సమాసాలు మనకూ ఉన్నాయి. నేను ఆగిపోయింది 'పొడుగు' దగ్గర. గిన్వా అంటే పొడుగ్గా ఉంది, మామూలుగా. కానీ ఆ పొడుగ్గా ఉన్నది తాడో దారమో అయితే గిన్వాబీగడ్ అనాలి. కర్రలాంటిది అయితే గిన్వాక్వడ్. బట్టలాగా, చాపలాగా పరిచేది అయితే గిన్వేగడ్. ఇనుములాంటిది అయితే గిన్వాబికడ్. 'గిన్వ్' పొడుగు, చివర 'అడ్' అలా ఉందని చెప్పేది, నడుమ కూర్చున్న చిన్న ముక్క ఆ వస్తువు ఎట్లాంటిదో చెబుతోంది. అంటే వస్తువు పేరు ఎత్తకుండానే అది దారమా బట్టా కర్రా అని క్రియలోనే తెలిసిపోతుంది.

మాది గట్టుప్పల. ఇంట్లో మగ్గం ఉంది, అమ్మ ఇప్పటికీ ఆసు పోస్తుంది, చిటికి కడుతుంది. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఆమె ఆసు ముందు కూర్చుని ఉంటే ఫోన్‌లో ఈ మాటలు వినిపించి అర్థం చెప్పాను. ఆశ్చర్యపోతుందని అనుకున్నా. ఆమె చేయి ఆపకుండా, "మరి నూలుకో మాట, బట్టకో మాట ఉండాలె గద బిడ్డా. పడుగు పొడుగు వేరు, చీర పొడుగు వేరు. రెండిటికీ ఒక్కటే మాటంటే ఎట్ల తెలుస్తది?" అన్నది. యాభై ఏళ్లు దారంతో బతికిన మనిషి ఒక్క మాటలో తేల్చేసింది. మన చేనేత మాటలను కూడా ఒకప్పుడు ఇట్లా శ్రద్ధగా పోగు చేశారు, భద్రిరాజు కృష్ణమూర్తి గారు వ్యవసాయ పదాలను 1962లో, చేనేత పదాలను 1971లో వృత్తి పదకోశాలుగా తెచ్చారు. ఆసు, పడుగు, పేక, కండె అన్నీ మా ఇంట్లో ఇంకా బతికే ఉన్నాయి, కానీ మా అన్న కొడుక్కి అందులో సగం తెలియవు.

మళ్లీ సైట్‌కి వస్తా. ఈ భాషల్లో క్రియ మాట సాధారణంగా మూడు తావుల్లో కట్టుకుంటుంది: మొదలు, నడుమ, కొస. నడుమది ఒక్కోసారి ఉండదు. బిమోసే అంటే నడుచుకుంటూ పోవడం, బిమిబటో అంటే ఉరుక్కుంటూ పోవడం, బిమిసే అంటే ఎగురుకుంటూ పోవడం. 'బిమ్' సాగిపోవడం. ఇటువైపు ఉరికి రావడం అయితే బీజిబటో. నేర్చుకునేవాడికి 'బటో' ఉరకడమని, 'బిమ్' సాగిపోవడమని తెలిస్తే, ఎన్నడూ వినని మాట ఎదురైనా సగం అర్థం దానంతట అదే వచ్చేస్తుంది. వాళ్లు కంప్యూటర్‌కు వాడే మజినాబికివెబినిగన్ మాటను చూడండి. మొదటిసారి చూస్తే టెన్షన్ వస్తుంది. విప్పితే బొమ్మ, లోహం, చేత్తో విసరడం, పనిముట్టు. ఆ 'ఆబిక్' ఇందాక ఇనుము పొడుగు దగ్గర చూసిందే. మజినఇగన్ అంటే పుస్తకం, అందులోనూ అదే బొమ్మ ముక్క. బక్వేజిగన్ అంటే రొట్టె, కోసుకు తినేది, అందులోనూ చివర అదే 'గన్'.

ఇంకొకటి, ప్రాణం ఉన్నవి, లేనివి అని ఆ భాషలో పేర్లన్నీ రెండు వర్గాలు. మన వ్యాకరణంలో మహత్తు, అమహత్తు ఉన్నట్టే, కాకపోతే గీత వేరే చోట గీశారు. మనకు అమ్మ వచ్చింది, బర్రె వచ్చింది, బస్సు వచ్చింది, మూడూ ఒకటే. వాళ్లకు మిటిగ్ ప్రాణమున్న వర్గంలో ఉంటే చెట్టు, ప్రాణం లేని వర్గంలో ఉంటే కట్టె. మిటిగోగ్ చెట్లు, మిటిగోన్ కట్టెలు. రాయి ప్రాణమున్న వర్గంలోది. అందుకే ఎర్రగా ఉంది అనడానికి కూడా రెండు మాటలు, ప్రాణమున్న వర్గానికి మిస్కోజి, లేనిదానికి మిస్క్వా. ఈ తేడా చిన్న పిల్లాడికి పాలతో పాటు వస్తుంది. పెద్దయ్యాక బడిలో నేర్చుకునేవాడికి మాత్రం ఎవరో కూర్చోబెట్టి చూపించాలి, ఆ పని ఈ సైట్ చేస్తోంది.

ఎందుకు బడిలో నేర్చుకోవాల్సి వచ్చిందో కూడా చెప్పాలి. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో మొదలైన తరహా రెసిడెన్షియల్ బడుల్లో పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి దూరంగా తీసుకెళ్లి, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. కెనడాలోనూ అదే కథ, అక్కడ నిజ నిర్ధారణ కమిషన్ 2015లో తుది రిపోర్టు ఇచ్చింది. ఆ బడుల్లో దెబ్బలు తిన్న పిల్లలు పెద్దయ్యాక తమ పిల్లలకు ఆ భాష నేర్పడానికి భయపడ్డారు. నేను కూడా సర్వీసులో చేరిన కొత్తలో క్లాసులో లంబాడీ వినబడితే "తెలుగులో మాట్లాడండి" అని గద్దించేవాడిని. ఇది చదివిన రోజు నుంచి ఆ మాట నా నోట రాలేదు.

ముక్కల లెక్క ఎంత పనికొస్తుందో వాంపనోగ్ భాష కథ చూస్తే తెలుస్తుంది. అదీ ఇదే కుటుంబం, మసాచుసెట్స్ వైపు. నూరేళ్లకు పైగా మాట్లాడేవాళ్లు లేరు. మిగిలింది పాత దస్తావేజులు, ఉత్తరాలు, 1663లో జాన్ ఎలియట్ అచ్చు వేయించిన బైబిల్. ఆ తెగకే చెందిన జెస్సీ లిటిల్ డో బైర్డ్ 1993లో పని మొదలుపెట్టి, భాషాశాస్త్రం చదువుకుని, కాగితాల్లో దొరకని మాటలను అక్కచెల్లెళ్ల భాషలతో పోల్చి, ఏ ముక్క ఎట్లా మారుతుందో లెక్క కట్టి తిరిగి తెచ్చుకున్నారు. 2010లో ఆమెకు మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. ఆమె కూతురు ఆ భాష ఉగ్గుపాలతో విన్న బిడ్డ, నూరేళ్ల తర్వాత మొదటి బిడ్డ. మాటల జాబితా ఒక్కటే ఉంటే ఈ పని అయ్యేది కాదు. మాట ఎట్లా కట్టుకుంటుందో తెలిసింది కాబట్టే లేని మాటను కట్టగలిగారు.

ఈ ముక్కల పద్ధతికి మన వైపు నుంచి ఒక దారం ఉంది. ఆల్గాంక్వియన్ భాషల మాట నిర్మాణాన్ని గట్టిగా పట్టుకున్న అమెరికా భాషావేత్త లెనార్డ్ బ్లూమ్‌ఫీల్డ్ 1920ల మొదట్లో విస్కాన్సిన్‌లో మెనామినీ పెద్దల దగ్గర కూర్చుని ఆ భాష రాసుకున్నాడు. ఆయన పాణినిని చదివినవాడు, ఆ వ్యాకరణం మనిషి బుద్ధి కట్టిన గొప్ప కట్టడాల్లో ఒకటని 1933లో రాశాడు. 1939లో మెనామినీ మీద రాసిన వ్యాసంలో సూత్రాలను ఒకదాని తర్వాత ఒకటి వరుసలో పెట్టిన తీరు పాణిని దారే. ఇంటర్‌లో సంస్కృతం మార్కుల కోసం తీసుకునే మన పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

దీని ముందు నేను మోసపోయిన సంగతి కూడా చెప్పాలి, ఇంకొకరు డబ్బు పోగొట్టుకోకుండా. మీ భాషకు యాప్ చేసిస్తాం అని ఒకాయన చెబితే నా జేబులోంచి ఆరు వేలు ఇచ్చాను. మూడు నెలల తర్వాత బొమ్మలు వచ్చాయి, బొమ్మ కింద ఒక మాట. ఆవు, ఇల్లు, చెట్టు, నీళ్లు, అంతే. క్రియ ఒక్కటి లేదు. నేను ఇచ్చిన ఆడియో లేదు. పిల్లలు రెండు రోజులు చూసి వదిలేశారు, ఎందుకంటే అవి వాళ్లకు ముందే తెలిసిన మాటలు. పేరు చెప్పి లాభం లేదు, కానీ ఎవరైనా మీకు బొమ్మల కార్డులు చూపించి ఇదే భాషను కాపాడటం అంటే డబ్బు ఇవ్వకండి.

ఒజిబ్వే డిక్షనరీ వాడాలనుకునే తెలుగువాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి కొన్ని. వివరణ అంతా ఇంగ్లిష్‌లోనే. మాట పక్కన వీఏఐ, వీఐఐ, వీటీఏ, వీటీఐ అని పొట్టి గుర్తులు ఉంటాయి, అవి నాలుగు రకాల క్రియలు: కర్మ లేనివి రెండు, ఉన్నవి రెండు, ప్రాణమున్న లేని తేడాతో. ఇది అర్థం కావడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. స్పెల్లింగులో దీర్ఘానికి అచ్చు అక్షరం రెండుసార్లు రాస్తారు (ఇంగ్లిష్ e ఒక్కటి తప్ప), ఒక్క అక్షరం తక్కువ కొడితే వేరే మాట అయిపోతుంది. దీర్ఘం ఎంత ముఖ్యమో తెలుగువాడికి వేరే చెప్పక్కర్లేదు, కలం కాలం ఒకటి కాదు కదా. క్రియ 'అతను చేస్తున్నాడు' రూపంలో ఉంటుంది, 'చేయు' రూపం కోసం వెతక్కండి. నెట్ ఉంటేనే నడుస్తుంది, మా తండాలో సిగ్నల్ కోసం ట్యాంకు దగ్గరికి పోవాలి కాబట్టి నేను కావలసినవి రాత్రి దేవరకొండలో చూసుకుని కాపీలో రాసుకుని పోతాను. ఒక సలహా, అక్షర క్రమంలో చదవడం మొదలుపెట్టకండి. ఏదో ఒక ముక్క పట్టుకుని అది ఎటు తీసుకుపోతే అటు పోండి.

మాట్లాడటం నేర్పే కోర్సు కాదిది, ఆ పనికి వేరే బడులున్నాయి. విస్కాన్సిన్‌లో వాడూకొడాడింగ్ అనే బడిలో లెక్కలు, సైన్సు కూడా ఒజిబ్వేలోనే చెబుతారు, ఆ పేరుకు ఒకరికొకరు సాయపడే చోటు అని అర్థం. అట్లాంటి బడిలో టీచర్ చేతికి కొత్త పాఠానికి కొత్త మాట కావాలంటే ఈ ముక్కలే అక్కరకొస్తాయి. ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించింది మొదటిసారి వచ్చినవాడికి ఆ పొట్టి గుర్తులు గోడలాగా నిలబడతాయి కాబట్టి.

ఇప్పుడు నా నోట్‌బుక్ సంగతి. పద్నాలుగు వందల మాటలూ మళ్లీ రాస్తున్నాను, ఈసారి అకారాది క్రమంలో కాదు. లంబాడీ ఆల్గాంక్వియన్ లాంటిది కాదు, అది హిందీ, రాజస్థానీల వైపు భాష, నడుమ ముక్కలు అందులో వెతికితే దొరకవు. కానీ అతుకులు ప్రతి భాషకూ ఉంటాయి. ఘోడో, ఘోడి అని బోర్డు మీద పక్కపక్కన రాశాను, చివరి అక్షరం కింద గీత గీసి ఊరుకున్నాను. నాలుగో తరగతి పిల్ల లేచి అట్లాంటిదే ఇంకో జత చెప్పింది, ఆ వెనక ఇంకొకడు, గంట కొట్టేలోపు బోర్డు నిండిపోయింది. అన్నీ వాళ్లే చెప్పారు, ఒక్కటి కూడా నా నోట్‌బుక్‌లో లేదు. మూడేళ్లు నేను అడిగింది "దీన్ని ఏమంటారు" అనే ఒక్క ప్రశ్నే.

గొంతులు రికార్డు చేయడానికి తండా పెద్దలను అడిగాను. ఎవరి గొంతు వాళ్ల పేరుతోనే ఉండాలని, వాళ్లు వద్దన్నది బయటికి పోకూడదని ముందే ఒప్పుకున్నాం. ఆ నాలుగో తరగతి పిల్ల నాయనమ్మ మొదట కూర్చుంటానంది. వచ్చే ఆదివారం పొద్దున, ఎండ ఎక్కకముందే రమ్మంది, ఫోన్ ఛార్జింగ్ ఫుల్ పెట్టుకుని పోతున్నాను.